జవానును దాటరాదు

ఆ ఉదయం దయాకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా తినాలి. తిన్నాక అమ్మకు నిజం చెప్పాలి. అమ్మ నాయినకు చెబుతుంది. నాయిన ఒక గంట అరుస్తాడు, ఒక పూట అలుగుతాడు, మధ్యాహ్నం పప్పుచారు దగ్గర మెత్తబడతాడు. ఆ తరువాత దయాకర్ ఉప్పల్ వెళ్లి, అక్కడి టిఫిన్ సెంటర్ గోడ మీద ‘వంటమనిషి కావలెను’ అన్న కాగితం ఇంకా ఉందో లేదో చూసుకుంటాడు. రెండు రోజుల రైలు ప్రయాణంలో కట్టుకున్న పథకం అది. అందులో లోపం ఒక్కటే. నాచారంలో కోడికంటే ముందు లేచే మనిషి ఒకడున్నాడనీ, ఆ మనిషి తన కన్నతండ్రేననీ దయాకర్ మరిచిపోయాడు.

నిజమేమిటంటే, సైన్యం దయాకర్‌ను ఇంటికి పంపించేసింది. తప్పు చేసి కాదు. పిల్లవాడు బంగారం. ఒంటి సత్తువ పరీక్షల్లో నెగ్గలేకపోయాడు, అంతే. మైలు పరుగులో తొమ్మిదిసార్లు తప్పాడు. తాడెక్కే పరీక్షలో తాడు దాకా నడిచివెళ్లి, దాన్ని రెండు చేతులా పట్టుకుని, పైకి చూడడం వరకూ బాగానే చేశాడు.

మరి సైన్యంలో ఎలా చేరాడంటారా? భర్తీ నాడు భయంతో రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు. పరుగు గీతకు అవతల ఎవరికో వేడి వేడి పూరీలు వడ్డిస్తున్నారు. ఆ వాసనకు దయాకర్ పరుగెత్తిన తీరు చూసి, టైము చూస్తున్న హవల్దారు తన గడియారం ఆగిపోయిందనుకున్నాడట. చేరాక పూరీల కోసం పరుగెత్తవలసిన అవసరం లేకపోయింది. పిలిచి పెట్టారు. పదకొండు నెలల్లో పదమూడు కిలోలు పెరిగాడు. శిక్షణలో ఒక బ్యాచి కిందికి దింపారు, ఇంకో బ్యాచి కిందికి దింపారు. దింపడానికి ఇక బ్యాచి మిగలక, ‘శారీరక ప్రమాణాలు అందుకోలేకపోయినందున’ అని ఒక కాగితం రాసిచ్చి, చెయ్యి కలిపి సాగనంపారు. ఆరోజు వంటశాల వాళ్లు మాత్రం కళ్లు తుడుచుకున్నారు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి మూడొందల మందికి పూరీ పిండి కలిపిపెట్టిన చెయ్యి మరి!

ఇక తండ్రి రాజయ్య సంగతి. ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక డబ్బాల ఫ్యాక్టరీకి వాచ్‌మన్. ఇరవై రెండేళ్లుగా గేటు దాటిన ప్రతి కారుకూ సెల్యూట్ కొట్టాడు. అన్నేళ్లలో ఆయనకు తిరిగి సెల్యూట్ కొట్టింది ఒక లారీ క్లీనర్ ఒక్కడే, అదీ నుదుటి మీది ఈగను తోలుకోబోయి. అటువంటి రాజయ్యకు కొడుకు సైన్యంలో చేరిన మర్నాడే దశ తిరిగింది. వీధి చివర చాయ్ బండి దగ్గర ఒక్కటంటే ఒక్కటే కుర్చీ ఉంది, ఎర్రటి ప్లాస్టిక్‌ది. దానిలో ఎవరు కూర్చున్నా, రాజయ్య కనబడగానే “జవాన్ వాళ్ల నాయిన వచ్చిండు” అని లేచి నిలబడడం మొదలైంది. రాజయ్య అందులో కూర్చుని కొడుకు కబుర్లు చెప్పేవాడు. దయాకర్ ఫోనులో “ఇక్కడ చలి ఉంది నాయినా” అంటే, ఆ మాట కుర్చీ దాకా వచ్చేసరికి “మా వాని మీసం గడ్డకట్టి, ముట్టుకుంటే ఇరిగి కింద పడ్డది” అయ్యేది.

దయాకర్ భయం అరుపుల గురించి కాదు. ఆ కుర్చీ గురించి.

కౌసల్యమ్మ ఉప్మా గిన్నె ముందు పెట్టింది. దయాకర్ చెంచా పట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, నీకొక మాట చెప్పాలె.”

“చెప్పు బిడ్డా. నేను గూడ గదే అనుకుంటున్న,” అంటూ ఆమె పీట లాక్కుని కూర్చుంది.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. ముందు రాజయ్య, వెనక కాలనీ సంఘం అధ్యక్షుడు భూషణం, ఆయన వెనక భూషణం కొడుకు పవన్‌కుమార్.

“సూడున్రి భూషణం సాబ్! నిన్న దిగిండు నా కొడుకు, పెట్టెతోని!” అన్నాడు రాజయ్య, ఆ పెట్టెలో ఫిరంగి ఉన్నట్టు.

భూషణం దయాకర్‌ను ఎగాదిగా చూశాడు. “అబ్బ! బాడీ అంటే గిదిరా పవనూ! మిల్ట్రీ తిండి!” అని భుజం మీద ఒక్కటి చరిచాడు. చెంచాలో ఉప్మా గోడకు తగిలింది. దయాకర్ కథ దారి తప్పింది అక్కడే.

భూషణం వచ్చిన పని ఇది. రేపు పంద్రాగస్టు. ఏటా జెండా ఎగరేశాక నాచారం కుర్రాళ్లకూ ఉప్పల్ కుర్రాళ్లకూ మైదానంలో పరుగు పందెం. ఎనిమిది చుట్లు, పదహారు వందల మీటర్లు. కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలంతా అందులో పరుగెత్తుతారు. మూడేళ్లుగా ఉప్పలే గెలుస్తోంది. వాళ్లకు సుధీంద్ర మాస్టారున్నారు, ఏదో బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి. నాచారానికి పవన్‌కుమార్ ఉన్నాడు. వాడు మొదటి నాలుగు చుట్లూ గుర్రం, అయిదో చుట్టుకు గోనెసంచి. నలుగురు మోసుకురావాలి.

“ఈసారి మనకు జవాన్ ఉన్నడు. జర మన పోరగాండ్లను సూడు బిడ్డా,” అన్నాడు భూషణం.

“సార్, నేను అసలు...”

“వస్తడు!” అన్నాడు రాజయ్య. “ఇప్పుడే వస్తడు!”

మైదానంలో పదిమంది కుర్రాళ్లు వరుసగా నిలబడ్డారు. దయాకర్‌కు తెలిసిన విద్య ఒకటుంది. పదకొండు నెలలు తిట్లు తిని నేర్చుకున్నది. ఆ తిట్లలో తిట్టు తీసేసి సలహా మాత్రం చెప్పాడు. చేతులు అంత ఊపొద్దన్నాడు, మడమలు నేలకేసి కొట్టొద్దన్నాడు. కుర్రాళ్లు నోరు తెరుచుకుని విన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. పవన్‌కుమార్ చెయ్యెత్తాడు.

“అన్నా, మీరొక్క చుట్టు ఉరికి సూపియ్యిండ్రి.”

దయాకర్ మైదానం వంక చూశాడు. మైదానం అతని వంక చూసింది. ఇద్దరికీ పాత పగ.

“లీవుల ఉన్నప్పుడు ఉరుకుడుకు ఆర్డర్ లేదు తమ్మీ,” అన్నాడు.

అది అతను చెప్పిన మొదటి అబద్ధం, చెప్పినంతలో చివరిది కూడా. మిగిలినవన్నీ ఆ అబద్ధానికి పుట్టిన పిల్లలు. దయాకర్ ఇంటికి నడిచి వచ్చేలోగా ఆ మాట చాయ్ బండి చేరిపోయింది. మాట కూడా అతనికంటే వేగంగానే పరుగెత్తింది.

“ఆర్డర్ ఎందుకు లేదు రాజన్నా?” అని ఎవరో అడిగారు.

రాజయ్యకు కారణం తెలియదు. కారణం తెలియకపోవడం ఆయనకెప్పుడూ అడ్డు కాలేదు. కుర్చీలో వెనక్కి వాలి, చాయ్ ఒక గుటక వేశాడు.

“ఎట్లిస్తరు? వాని స్పీడు సర్కారు సీక్రెట్. దుష్మన్ గానికి తెలిస్తే ఇంకేమన్న ఉన్నదా?”

“మరి ఆడ ఎవ్వరు సూడలేదా?”

“సూసిన్రు. సూసినోళ్లతోని కాయితం మీద సంతకం పెట్టిచ్చుకున్నరు.”

మధ్యాహ్నానికి రహస్యం ఉప్పల్ చేరింది. సుధీంద్ర మాస్టారు గుంటూరు వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా మాట మారని మనిషి. కళ్లజోడు సవరించుకుని, “రహస్యమా? మంచిదండీ. రేపు నా స్టాప్‌వాచీ తెస్తానని చెప్పండి. రహస్యం ఎన్ని నిమిషాలుంటుందో చూద్దాం,” అన్నారు.

భూషణం దాన్ని సవాలుగా తీసుకుని, పందెంలో జవానునే దింపుతానన్నాడు. సవాలుకు మన దగ్గర జవాబు ఒక్కటే, ఫ్లెక్సీ. దయాకర్ సైన్యం వాళ్లిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని భూషణం హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లేసరికి, పన్నెండడుగుల ఫ్లెక్సీ నేల మీద పరిచి ఉంది. ఎవరో కమాండో ఒళ్లు, దాని మీద దయాకర్ ముఖం. మెడ దగ్గర లెక్క తప్పి, కొబ్బరి పుల్లకు పూరీ గుచ్చినట్టుంది. కింద అక్షరాలు: ‘నాచారం చిరుత దయాకర్ గారికి స్వాగతం’.

“సార్,” అన్నాడు దయాకర్. “నాతోని ఉరుకుడు కాదు సార్. నిజం చెప్తున్న. రేపు నేనుంటే మీ ఇజ్జత్ పోతది.”

భూషణం ఇటూ అటూ చూశాడు. పనివాణ్ణి బయటికి పంపాడు. దయాకర్ చెవి దగ్గరికి వంగాడు.

“నాకు సమజైంది బిడ్డా. నువ్వు నిజం ఉరికితే సీక్రెట్ బయటపడ్తది. ఉరకకపోతే మన ఇజ్జత్ పోతది. గంతే గదా?”

“గది కాదు సార్...”

“ఫికర్ జెయ్యకు. నువ్వు ఊకె ముంగట మెల్లగ ఉరుకు, పెండ్లి ఊరేగింపు లెక్క. నిన్ను ఎవ్వడు దాటకుంట నేను సూస్కుంట. దేశం కోసం గా మాత్రం జెయ్యనా?”

దయాకర్ జేబులో చెయ్యి పెట్టాడు. కాగితం వేళ్లకు తగిలింది. అదే సమయానికి అద్దంలోంచి వీధి అవతల చాయ్ బండి కనిపించింది. ఎర్ర కుర్చీలో నాయిన రెండు చేతులూ చాచి ఏదో పెద్ద వస్తువు కొలత చూపిస్తున్నాడు. చుట్టూ పదిమంది నిలబడి నవ్వుతున్నారు. చెయ్యి ఉత్తదే బయటికి వచ్చింది.

పంద్రాగస్టు పొద్దున జెండా ఎగిరింది. జనగణమన అయింది. లడ్డూలు పంచారు. చాయ్ బండివాడు ఎర్ర కుర్చీ స్వయంగా మోసుకొచ్చి వేదిక పక్కన వేస్తే, రాజయ్య ఇస్త్రీ చొక్కాతో అందులో కూర్చున్నాడు. భూషణం మైకు అందుకున్నాడు.

“ఈ పొద్దు పరుగుల మన జవాన్ ముంగట ఉరుకుతడు. వానిని ఎవ్వరు దాటద్దు. జవాన్‌ను దాటినోడు సైన్యాన్ని ఇన్సల్ట్ జేసినట్టే!”

జనం చప్పట్లు కొట్టారు. ఉప్పల్ వాళ్లు సుధీంద్ర మాస్టారి వైపు తిరిగారు. “గౌరవంలో ఉప్పల్ ఎవరికీ తీసిపోదండీ. మా పిల్లలూ దాటరు,” అన్నారాయన. మర్యాదలో కూడా పోటీయే!

ఈల మోగింది.

దయాకర్ పరుగెత్తాడు. అతని మట్టుకు అది పరుగే. వెనక ఇరవైమంది కుర్రాళ్లు, రెండు ఊళ్లలోనూ ఏరిన గుర్రాలు, కళ్లెం బిగించినట్టు చిన్న చిన్న అడుగులు వేస్తూ వస్తున్నారు. మొదటి చుట్టులో జనం ఈలలు వేశారు. రెండో చుట్టులో పల్లీలు కొనుక్కున్నారు. మూడో చుట్టులో ఉప్పల్ కుర్రాడొకడు పరుగెత్తుతూనే ఫోను తీసి ఇంటికి మాట్లాడాడు. అయిదో చుట్టులో పాల క్యాన్ మోసుకుంటూ మైదానానికి అడ్డంపడి వెళుతున్న ముసలాయన తెలియక దయాకర్‌ను దాటబోతే, “ఆగు తాతా, జవాన్ పోతుండు!” అని భూషణం రెక్క పట్టి ఆపాడు. ముసలాయన క్యాన్ దింపి, చాలాసేపు ఆగాడు.

వేదిక మీద సుధీంద్ర మాస్టారు స్టాప్‌వాచీని ఒకసారి విదిలించారు. చెవి దగ్గర పెట్టుకున్నారు. మళ్లీ చూసుకున్నారు. గడియారాలకు దయాకర్‌తో ఎప్పుడూ ఇదే తంటా.

పద్నాలుగో నిమిషంలో దయాకర్ గీత దాటాడు. మొదటి బహుమతి. వెనక ఎవరూ దాటలేదు మరి. మాస్టారు వచ్చి మెడలో మెడల్ వేశారు. జనం “భారత్ మాతా కీ జై” అన్నారు. దయాకర్‌కు జీవితంలో మొదటి మెడల్ అది. ఆ చల్లని బిళ్ల ఛాతీకి తగిలింది. తొమ్మిదిసార్లు ఓడినప్పుడు కూడా ఇంత సిగ్గుగా లేదు. వగరుస్తూనే మైకు పట్టుకున్నాడు.

“నేను లీవుల రాలే. నన్ను పంపించిన్రు. నాకు ఉరుకుడు రాదు.”

జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. “ఎంత నిగర్వి!” అన్నారెవరో. “సీక్రెట్ కాపాడుతున్నడు!” అన్నాడు భూషణం పక్కవాళ్లతో.

దయాకర్ ఇక లాభం లేదని జేబులోంచి కాగితం తీసి మాస్టారికిచ్చాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, బడిలో పాఠం చదివినట్టు మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదివి, తెలుగులో అర్థం కూడా చెప్పారు. అలవాటు పోదు కదా.

అన్ని తలలూ ఒక్కసారే ఎర్ర కుర్చీ వైపు తిరిగాయి. రాజయ్య కుర్చీ అంచున చేతులానించి నెమ్మదిగా లేచాడు. కొడుకు తల వంచుకున్నాడు.

అంతలో టపటపమని అడుగుల చప్పుడు వినిపించింది. పవన్‌కుమార్! వాడు ఇంకా పరుగెత్తుతున్నాడు. ఎనిమిది చుట్లూ కళ్లెం బిగించి ఉంచిన బలమంతా లోపలే ఉండిపోయి, గీత దాటాక ఆపుకోలేక తొమ్మిదో చుట్టు అందుకున్నాడు. తొమ్మిది అయింది, పది, పదకొండు అయ్యాయి. పన్నెండో చుట్టూ బాణంలా పూర్తి చేసి, వేదిక ముందు వచ్చి నిలబడ్డాడు. పడలేదు. ఎవరూ మోసుకురాలేదు.

“ఒరేయ్, గిది నా కొడుకేనా?” అన్నాడు భూషణం.

“నాన్నా, నేను పడలే!” అన్నాడు పవన్‌కుమార్, అందరికంటే తానే ఎక్కువ ఆశ్చర్యపోతూ.

సుధీంద్ర మాస్టారు కాగితం మడిచారు. “పడవు. నీ జబ్బు మూడేళ్ల నుంచీ నాకు తెలుసు. ఎదుటి జట్టువాడివి కదా అని చెప్పలేదు. మొదట్లోనే ఉన్న బలమంతా ఊడ్చేస్తావు. నిన్ను ముందు పట్టి ఆపేవాడు లేక పాడైపోయావు. ఇదిగో ఈ అబ్బాయి ఆపాడు.” దయాకర్ వైపు తిరిగారు. “బాబూ, నేనెంత అరిచినా మా కుర్రాళ్లు కూడా మొదటి చుట్లు మెల్లగా పరుగెత్తరు. నువ్వేమీ అనకుండానే పరుగెత్తించావు.”

అప్పుడు రాజయ్య మైకు దగ్గరికి వచ్చాడు. కొడుకును పైనుంచి కిందికి చూశాడు.

“ఎన్నిసార్లు ఫెయిలైనవ్‌రా?”

“తొమ్మిదిసార్లు నాయినా.”

“ఎనిమిదోసారి ఫెయిలైనంక గూడ మల్ల ఉరికినవా?”

“ఉరికిన.”

రాజయ్య మైకు లాక్కున్నాడు. “ఇన్నరా? తొమ్మిదిసార్లు! మీ పిల్లలు ఒక్కసారి ఫెయిలైతే మూడు దినాలు మంచం దిగరు. మా వాడు తొమ్మిదిసార్లు ఉరికితే, సూసి సూసి సర్కారే అలిసిపోయింది. వీడు అలిసిండా? అడుగుండ్రి!”

దయాకర్ నిజానికి బాగా అలిసిపోయాడు, నిలబడలేకపోతున్నాడు. కానీ ఎవరూ అడగలేదు. ముందు భూషణం నవ్వాడు, తరువాత ముసలాయన పాల క్యాన్ మీద దరువేశాడు, ఆ తరువాత మైదానమంతా నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి ఉంది. లేదనను. కానీ లడ్డూ తిన్న నోటి నవ్వు అది, చేదు లేదు.

తండ్రీకొడుకులు ఇంటిదారి పట్టారు.

“ముందుగాల చెప్తే ఏమైతుండెరా?” అన్నాడు రాజయ్య. “గా సీక్రెట్ కథకు నేనెంత తిప్పలు పడ్డ!”

“నీ కుర్చీ పోతదని భయపడ్డ నాయినా.”

రాజయ్య ఆగాడు. కొడుకు మెడలోని మెడల్‌ను సరిగా తిప్పిపెట్టాడు.

“కుర్చీల ఏమున్నదిరా పిచ్చోడా! నిలబడి చెప్తే కథ ఇంకా దూరం వినబడ్తది.”

ఇంట్లో కౌసల్యమ్మ పూరీ పిండి తడుపుతోంది. విషయం అప్పటికే ఆమెకు చేరింది. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు.

“నాకు మొన్ననే ఎరుక. లీవుకొచ్చేటోడు సంచితోని వస్తడు. పెట్టె, పరుపు, చెంబు తెచ్చుకుంటడా? నువ్వే చెప్తవని రెండొద్దుల నుంచి పీటేసుకొని కూసున్న. ఉప్మా గోడకు గొట్టి ఉరికినవ్,” అని పిండి గిన్నె అతని వైపు తోసింది. “తే, నువ్వే కలుపు.”

ఇప్పుడు ఆ మైదానంలో రెండు జట్లు లేవు. రోజూ పొద్దున్నే మొదటి నాలుగు చుట్లూ దయాకర్ ముందు పరుగెత్తుతాడు, అతన్ని ఎవరూ దాటకూడదు. నాలుగయ్యాక అతను పక్కకు తప్పుకుంటాడు, కుర్రాళ్లు తాళ్లు తెంచుకున్నట్టు దూసుకుపోతారు. మైదానం గేటు పక్కన దయాకర్ టిఫిన్ బండి పెట్టాడు. పరుగు పూర్తి చేసినవాళ్లకే మొదటి వాయి పూరీలు. ఆ వాసనకు కుర్రాళ్ల వేగం పెరిగిందని మాస్టారి అనుమానం. మొన్నటి కానిస్టేబుల్ పరుగులో పదిమందికి ఏడుగురు నెగ్గారు, పవన్‌కుమార్ మూడోవాడు. రాజయ్య ఈ కథంతా చాయ్ బండి దగ్గర నిలబడే చెబుతున్నాడు. ఎర్ర కుర్చీలో ఇప్పుడు దయాకర్ కూర్చుంటున్నాడు, ఆయాసం తీరేదాకా.

ఇంతకూ ఆ నాలుగు చుట్లకు దయాకర్‌కు ఎన్ని నిమిషాలు పడుతుందని ఎవరైనా అడిగితే, సుధీంద్ర మాస్టారు స్టాప్‌వాచీ జేబులో వేసుకుని, “అది సర్కారు రహస్యమండీ” అంటారు.